ఆరోగ్య సలహా డిశ్చార్జి రోజున కాదు, అడ్మిషన్ రోజునే మొదలవ్వాలి

డిశ్చార్జి రోజు పొద్దున వార్డులో ఏం జరుగుతుందో ఒకసారి గమనించండి. అటెండెంటు కాగితాల కోసం పైకీ కిందికీ తిరుగుతుంటారు. రోగి బట్టలు మార్చుకుని మంచం అంచున కూర్చుని ఉంటారు, మనసు అప్పటికే ఇల్లు చేరిపోయి ఉంటుంది. సరిగ్గా అప్పుడే నర్సు వచ్చి మందులు, ఆహారం, నడక, పొగ మానడం, మళ్లీ ఎప్పుడు రావాలి, అన్నీ నాలుగు నిమిషాల్లో చెప్పేస్తారు. రోగి తల ఊపుతారు. డాక్టర్లు, నర్సులు చెప్పినదాంట్లో 40 నుంచి 80 శాతం రోగులు అక్కడికక్కడే మరిచిపోతారని, గుర్తున్నదాంట్లోనూ దాదాపు సగం తప్పుగా గుర్తుంటుందని పరిశోధనల్లో తేలింది. ఇక ఆ హడావిడిలో చెప్పింది ఎంత మిగులుతుంది?

తప్పు ఆ నర్సుది కాదు. ఆ పని ఫలానావారిదని ఎవరూ రాసి పెట్టలేదు, కేస్ షీటులో దానికి గడి లేదు, ఇంటికి వెళ్లాక అడిగేవారు లేరు. ఈ పని పేరే హెల్త్ ప్రమోషన్. అంటే వచ్చిన జబ్బు తగ్గించి పంపేయడంతో ఆగకుండా, ఆ జబ్బును తెచ్చిన అలవాట్లనూ పరిస్థితులనూ రోగి తన చేతుల్లోకి తీసుకునేలా సాయపడడం. దీనికి 1986లో ఒట్టావాలో జరిగిన అంతర్జాతీయ సదస్సు ప్రకటన, అంటే ఒట్టావా చార్టర్, పునాది వేసింది. ఆసుపత్రులకు ప్రత్యేకంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో అయిదు ప్రమాణాలు ఇచ్చింది: యాజమాన్య విధానం, రోగి అవసరాల అంచనా, సమాచారం-సహాయం, సిబ్బందికి ఆరోగ్యకరమైన పనిచోటు, బయటి సేవలతో కొనసాగింపు. కాగితం మీద ఇవి చాలాచోట్ల ఉన్నాయి. వార్డులో వాటిని ఎలా నడపాలన్నదే ఇక్కడ విషయం.

మొదటి 24 గంటలు: ఏం అడగాలి, ఎలా అడగాలి

అడ్మిషన్ కాగితంలో బీపీ, షుగర్, అలర్జీల పక్కనే ఈ ఆరింటికీ గడులు పెట్టండి: పొగాకు, మద్యం, బరువు-ఆకలి, జబ్బుకు ముందు ఎంత నడిచేవారు, టీకాలు, ఇంట్లో వంటా మందులూ ఎవరు చూసుకుంటారు. చివరి ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. ఉప్పు తగ్గించమని వంట చేయని మనిషికి చెబితే అది బూడిదలో పోసిన పన్నీరే. కళ్లజోడు, వినికిడి యంత్రం వెంట తెచ్చుకున్నారా, ఏ భాషలో చదవగలరు అన్నవీ అక్కడే రాసుకోండి.

రోగి ఆయాసంతోనో నొప్పితోనో ఉంటే ఆ రోజు వదిలేయండి. కానీ గడిని ఖాళీగా ఉంచకండి, "రేపు ఉదయం షిఫ్టు అడగాలి" అని రాయండి. ఖాళీ గడి ఎవరి కంటా పడదు.

అడిగే తీరును బట్టే జవాబు వస్తుంది. "మీకు పొగ అలవాటు లేదు కదండీ?" అంటే "లేదు" అనే వస్తుంది. "గత 30 రోజుల్లో పొగాకు ఏ రూపంలోనైనా వాడారా? చివరిసారి ఎప్పుడు?" అని అడగండి. కాల్చేదే కాదు, నమిలేదీ ముక్కుపొడీ లెక్కలోకి వస్తాయి. చుట్టూ బంధువులు ఉండగా మద్యం గురించి అడిగితే నిజం బయటికి రాదు. కర్టెన్ లాగి, అటెండెంటును రెండు నిమిషాలు బయట కూర్చోమనండి. ఎందుకు అడుగుతున్నారో ముందే చెప్పండి: "మీకిచ్చే మందులు దీన్ని బట్టి మారతాయండి, అందుకే అందరినీ అడుగుతున్నాం." ఈ ఒక్క వాక్యంతో రోగికి తనను తప్పు పడుతున్నారన్న బెరుకు పోతుంది.

మద్యానికి ఆడిట్-సి అనే చిన్న ప్రశ్నావళి చాలు. ఎంత తరచుగా తాగుతారు, తాగిన రోజు ఎంత, ఒకేసారి ఎక్కువగా తాగడం ఎన్నిసార్లు అని మూడే ప్రశ్నలు, మొత్తం 12 మార్కులు. మగవారికి 4, ఆడవారికి 3 లేదా అంతకు మించి వస్తే తాగుడు ప్రమాదకరంగా ఉందని చాలాచోట్ల లెక్కిస్తారు. కొన్ని దేశాల్లో అందరికీ 5 పెట్టుకున్నారు. మీ ఆసుపత్రి ఏ హద్దు పెట్టుకుందో కాగితం మీదే అచ్చు వేయించండి.

పోషకాహారానికి మస్ట్ అనే స్కోరు తేలిక. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 20 పైన ఉంటే 0, 18.5 నుంచి 20 మధ్య 1, అంతకంటే తక్కువైతే 2. గత 3 నుంచి 6 నెలల్లో ప్రయత్నించకుండానే 5 నుంచి 10 శాతం బరువు తగ్గితే 1, 10 దాటితే 2. తీవ్రమైన జబ్బుతో 5 రోజులకు పైగా ఏమీ తినలేకపోయినా, తినలేరనిపించినా 2. మొత్తం 2 అయినా అంతకు మించినా అదే రోజు డైటీషియన్‌కు కబురు వెళ్లాలి. ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాటు, బరువు తూచకుండా రోగి చెప్పిన అంకె రాసేయడం. కాళ్లకు నీరు పట్టినవారి బరువూ మోసం చేస్తుంది, అందుకే వాపు ఉందని పక్కనే రాయాలి.

పొగాకు: సలహా కాదు, చికిత్స

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడ. ఆసుపత్రిలో ఉన్న మనిషి ఎలాగూ పొగకు దూరంగా ఉన్నారు, భయం వల్ల మానాలన్న ఆలోచనా ఉంటుంది. ఆ అవకాశాన్ని "పొగ మానేయండి" అన్న ఒక్క మాటతో పోగొట్టుకుంటున్నాం. వార్డులో గట్టిగా కౌన్సెలింగ్ చేసి, డిశ్చార్జి తర్వాత కనీసం ఒక నెల అంటిపెట్టుకుని ఉంటేనే మానేవారి సంఖ్య పెరుగుతుందని అధ్యయనాలన్నీ కలిపి చూసిన సమీక్షల్లో తేలింది. వార్డులో చెప్పి వదిలేస్తే ఆ లాభం కనబడలేదు.

పొగాకులోని నికోటిన్ లేక పడే ఇబ్బంది మానిన కొద్ది గంటల్లోనే మొదలవుతుంది, మొదటి రెండు మూడు రోజుల్లో తీవ్రంగా ఉంటుంది, 2 నుంచి 4 వారాల్లో తగ్గుముఖం పడుతుంది. చిరాకు, నిద్ర పట్టకపోవడం, కుదురు లేకపోవడం కనిపిస్తే "రోగి సహకరించడం లేదు" అని రాసే ముందు పొగాకు గడి చూడండి. మానాలని నిర్ణయించుకోని వారికి కూడా వార్డులో ఉన్నన్నాళ్లూ ఇబ్బంది లేకుండా ప్యాచ్, గమ్ రూపంలో నికోటిన్ ఇవ్వవచ్చు. అలా తేలిగ్గా గడిచిన నాలుగు రోజులే చాలాసార్లు నిర్ణయానికి దారి తీస్తాయి.

మోతాదు డాక్టరు రాస్తారు. మామూలుగా నడిచే లెక్క ఇది. రోజుకు 10 సిగరెట్లకు పైన తాగేవారికి 21 మి.గ్రా. నికోటిన్ ప్యాచ్ (చర్మానికి అతికించే పట్టీ) 6 వారాలు, తర్వాత 14 మి.గ్రా. 2 వారాలు, 7 మి.గ్రా. 2 వారాలు. 10 లేదా అంతకు తక్కువైతే 14తో మొదలుపెడతారు. వెంట్రుకలు లేని పొడి చర్మం మీద, భుజం పైభాగంలోనో ఛాతీ మీదో అతికించి, రోజూ చోటు మార్చాలి. పీడకలలు వస్తుంటే రాత్రి తీసేయవచ్చు. ఎంఆర్ఐకి పంపే ముందు తప్పకుండా తీయాలి, కొన్ని ప్యాచ్‌ల వెనుక లోహపు పొర ఉంటుంది, చర్మం కాలుతుంది.

ప్యాచ్ ఒక్కటే పెడితే భోజనం తర్వాత, ఫోన్ మాట్లాడేటప్పుడు వచ్చే కోరికను అది ఆపలేదు. అందుకే దానికి తోడు నికోటిన్ గమ్ ఇస్తారు. నిద్ర లేచిన 30 నిమిషాల్లోపు మొదటి సిగరెట్ వెలిగించేవారికి 4 మి.గ్రా., మిగతావారికి 2 మి.గ్రా. గమ్ పని చేయలేదని చెప్పేవారిలో చాలామంది దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలేసినవారే. నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోయి ఎక్కిళ్లు, వికారం వస్తాయి తప్ప కోరిక తగ్గదు. ఘాటు తగిలేదాకా మెల్లగా నాలుగుసార్లు నమిలి, చెంపకూ చిగురుకూ మధ్య పెట్టి వదిలేయాలి. ఘాటు తగ్గితే మళ్లీ నమలాలి. ఇలా అరగంట. దానికి 15 నిమిషాల ముందు నుంచీ, నోట్లో ఉన్నంతసేపూ కాఫీ, పళ్లరసం, కూల్‌డ్రింక్ ముట్టకూడదు. నోట్లో పులుపు ఉంటే నికోటిన్ లోపలికి ఇంకదు. ఇదంతా చెప్పి ఊరుకోకుండా మొదటి గమ్ మీ ఎదుటే వాడించండి.

ఇంకొక్క సంగతి. దీన్ని మరిచిపోతే రోగికి హాని జరుగుతుంది. పొగలోని తారు లివర్‌లో కొన్ని మందులను త్వరగా కరిగించే ఎంజైమును రెచ్చగొడుతుంది. పొగ ఆగగానే ఆ వేగం తగ్గి, అదే మోతాదుకు మందు రక్తంలో పేరుకుపోతుంది. మానసిక జబ్బులకు ఇచ్చే క్లోజపిన్, ఒలాంజపిన్, ఆయాసానికి ఇచ్చే థియోఫిలిన్ వాడేవారి విషయం అడ్మిషన్ రోజే ఫార్మసిస్టుకు చెప్పాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవారికి ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చూసే) పరీక్ష దగ్గర దగ్గరగా చేయించాలి. ఇంటికెళ్లి మళ్లీ పొగ మొదలుపెడితే ఇదంతా తలకిందులవుతుంది. నికోటిన్ ప్యాచ్‌తో ఈ మార్పు రాదు, ఎందుకంటే కారణం నికోటిన్ కాదు, పొగ.

మద్యం విషయంలో తొందర వద్దు

రోజూ ఎక్కువగా తాగే మనిషికి "ఈ రోజు నుంచి చుక్క ముట్టొద్దు" అని చెప్పి వదిలేయడం ప్రమాదం. చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి, 6 నుంచి 48 గంటల మధ్య మూర్ఛ రావచ్చు, 48 నుంచి 96 గంటల్లో మతి తప్పే స్థితి రావచ్చు. అందుకే "చివరిసారి ఎప్పుడు" అన్న ప్రశ్నకు రోజు మాత్రమే కాదు, గంట కూడా రాయాలి. ముందు వైద్యం, థయమిన్ (విటమిన్ బి1), కనిపెట్టి చూడడం. సలహా మాటలు రోగి కుదుటపడ్డాకే. ఎక్కువే తాగినా శరీరం ఇంకా దానికి బానిస కాని వారికి మాత్రం 5 నుంచి 10 నిమిషాల సంభాషణ చాలు: ఇప్పుడున్న జబ్బుకూ తాగుడుకూ ఉన్న లింకు ఏమిటి, ఎంతకు తగ్గించగలరు, ఏ సందర్భంలో కష్టం.

మంచం మీద నుంచి లేపండి

ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను 10 రోజులు మంచానికే పరిమితం చేసి చూస్తే కాళ్ల కండ సుమారు ఒక కిలో తగ్గిపోయింది. జబ్బు మనిషికి ఇంకా ఎక్కువే పోతుందని అనుకోవాలి. కాబట్టి నడకను ఇంటికెళ్లాక చేయాల్సిన వ్యాయామంగా చూడకుండా వార్డు పనిలో కలపండి. డాక్టరు వద్దని రాయని ప్రతి రోగీ మూడు పూటలా కుర్చీలో కూర్చుని తినాలి, పగలు ఇంటి బట్టలు వేసుకోవాలి, బాత్రూముకు నడిచి వెళ్లాలి.

మొదటిసారి లేపేటప్పుడు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోబెట్టి, నిలబెట్టిన 3 నిమిషాల్లోపు బీపీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే, లేదా కళ్లు తిరుగుతున్నాయంటే మళ్లీ పడుకోబెట్టి డాక్టరుకు చెప్పండి. రోగులు లేవకపోవడానికి బద్ధకం కంటే పెద్ద కారణాలు వేరే ఉంటాయి. అవసరం తీరినా తీయని మూత్రపు గొట్టం, చక్రాల స్టాండు లేని సెలైన్, జారే చెప్పులు, పడిపోతారేమోనన్న అటెండెంటు భయం. రౌండ్లలో ప్రతిరోజూ "ఈ గొట్టం ఇంకా ఎందుకు?" అని ఒకరు అడగాలి.

టీకాల సంగతి త్వరగా తేల్చవచ్చు. ఫ్లూ, న్యుమోకోకల్ (న్యుమోనియా) టీకాలు ఎవరికి అవసరమో అడ్మిషన్ గడిలోనే తెలుస్తుంది. తేలికపాటి జలుబు అడ్డు కాదు. తీవ్రమైన జబ్బు, జ్వరం ఉంటే తగ్గేదాకా ఆగి, ఇంటికి పంపేలోపు ఇవ్వాలి.

చెప్పింది అర్థమైందో లేదో ఎలా తెలుస్తుంది

"అర్థమైందా?" అన్న ప్రశ్న మానేయండి. దానికి ఎవరైనా "ఆఁ" అనే అంటారు. బదులుగా బాధ్యత మీ మీద వేసుకుని అడగండి: "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలండి. ఇంటికెళ్లాక మీ ఆవిడకు ఇది ఎలా చెబుతారో ఒకసారి నాకు చెప్పండి."

గుండె బలహీనత ఉన్న రోగిని తీసుకోండి. చెప్పాల్సింది ఇంతే: రోజూ పొద్దున, మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, అవే తేలికపాటి బట్టల్లో బరువు చూసుకుని రాయాలి, 3 రోజుల్లో 2 కిలోలకు పైగా పెరిగితే ఫోన్ చేయాలి. రోగి తిరిగి చెప్పేటప్పుడు "బరువు పెరిగితే తిండి తగ్గిస్తానండి" అన్నారనుకోండి. అక్కడే తెలిసిపోతుంది, ఆయన దాన్ని కొవ్వు అనుకున్నారు, నీరని అర్థం కాలేదు. "తప్పు" అనకుండా, "అది నేను సరిగ్గా చెప్పలేదు" అని, ఒంట్లో నీరు చేరడం గురించి వేరే మాటల్లో చెప్పి, మళ్లీ అడగండి. రెండోసారీ కుదరకపోతే ఇంట్లో చూసుకునేవారిని పిలిచి కలిపి చెప్పండి.

చేతితో చేసే పనులకు మాటలు చాలవు, చేయించి చూడాలి. ఇన్హేలర్ సంవత్సరాలుగా వాడుతున్నవారు కూడా తప్పుగా పీలుస్తుంటారు. నొక్కే రకమైతే బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, నొక్కుతూనే 3 నుంచి 5 సెకన్ల పాటు మెల్లగా పీల్చి, 10 సెకన్లు బిగపట్టాలి. రెండో పఫ్‌కు అర నిమిషం నుంచి నిమిషం ఆగాలి. స్టెరాయిడ్ అయితే నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. గుటుక్కున పీలిస్తే మందంతా గొంతుకే కొట్టుకుంటుంది. నొక్కడం, పీల్చడం రెండూ కలవని వారికి స్పేసర్ (ఇన్హేలర్‌కు తగిలించే గొట్టం) ఇవ్వండి. రోజుకొకసారి మందు ఇచ్చే వేళలోనే చేయించి చూస్తే విడిగా సమయం అక్కర్లేదు.

అలవాటు మార్చుకోవాలా వద్దా అని ఊగిసలాడే వారితో వాదనకు దిగకండి. "మానడం మీకు ఎంత ముఖ్యం, 0 నుంచి 10లో ఎంత?" అని అడగండి. "4" అంటే "10 ఎందుకు కాదు?" అనకండి, అలా అంటే సాకులు వస్తాయి. "2 కాకుండా 4 ఎందుకన్నారు?" అనండి. మానడానికి కారణాలు ఆయన నోటి నుంచే వస్తాయి. తర్వాత "మానగలనన్న నమ్మకం ఎంత?" అన్నది విడిగా అడగండి. ముఖ్యం 9, నమ్మకం 2 అన్న మనిషికి భయపెట్టే మాటలు వద్దు. ఆయనకు కావాల్సింది ప్యాచ్, ఫోన్ నంబరు, వారం దాటేదాకా ఏం చేయాలన్న పథకం.

ఒక విడతకు మూడు సంగతులకు మించొద్దు. నాలుగోది రేపు.

కాగితం ఇస్తే ఒకే పేజీ, 14 పాయింట్లకు తగ్గని అక్షరాలు, చిన్న వాక్యాలు. ఏం చేయాలన్నది పైన, ఎందుకన్నది కింద. ఎప్పుడు ఫోన్ చేయాలో ఒక పెట్టెలో. రోగి పేరు, ఆయన లక్ష్యం పెన్నుతో రాయడానికి ఖాళీ ఉంచండి. చేతిరాత ఉన్న కాగితాన్ని ఇళ్లలో దాచుకుంటారు, అచ్చు పాంప్లెట్ బ్యాగు అడుగునే ఉండిపోతుంది. వార్డుకు పంపే ముందు అయిదుగురు రోగుల చేత చదివించి, ఎక్కడ ఆగిపోయారో అక్కడ మార్చండి.

ఎవరు ఏం చేయాలి

అందరి పని అంటే ఎవరి పనీ కాదు. గడులు నింపేది అడ్మిషన్ నర్సు, నికోటిన్ రాసేది డ్యూటీ డాక్టరు, మందుల లెక్క చూసేది ఫార్మసిస్టు, రెండో రోజు మాట్లాడేది ఉదయం షిఫ్టులో ఆ మంచం చూసే నర్సు అని పేర్లతో బోర్డు మీద రాయండి. షిఫ్టు మారేటప్పుడు ఒక్క వాక్యం చేర్చండి: "ఆరో మంచం, ప్యాచ్ రెండో రోజు, గమ్ వాడకం చూపించాం, తిరిగి చెప్పించాలి." టైం లేదన్న ఫిర్యాదు నిజమే. అందుకే విడిగా తరగతులు పెట్టకుండా డ్రెస్సింగ్, మందు, నడక వేళల్లోనే ఈ మాటలు సాగాలి. విరామమే దొరకని, చేతిలో సిగరెట్ ఉన్న ఉద్యోగి ఇంకొకరికి మానమని చెప్పలేరు. సిబ్బందికీ అదే ప్యాచ్, అదే కౌన్సెలింగ్ అందాలి.

గుమ్మం దాటాక

డిశ్చార్జి కాగితంలో "పొగ మానమని చెప్పాం" అని రాస్తే బయట చూసే డాక్టరుకు ఏమీ ఉపయోగం లేదు. ఏ ప్యాచ్, ఎన్నో వారం, ఎప్పటికి తగ్గించాలి, మళ్లీ ఎవరు ఫోన్ చేస్తారు అని రాయండి. కనీసం 2 వారాలకు సరిపడా మందు చేతికిచ్చి పంపండి. మొదటి ఫోన్ 48 నుంచి 72 గంటల్లో, తర్వాత వారానికి ఒకటి చొప్పున నెల దాకా. "ఎలా ఉన్నారు?" అని మాత్రమే అడిగితే "బాగానే ఉన్నానండి" అనేస్తారు. "ఈ పొద్దున బరువు ఎంతుంది? చివరి సిగరెట్ ఎప్పుడు? ప్యాచ్‌లు ఎన్ని మిగిలాయి?" అని అడగండి. మళ్లీ మొదలుపెట్టానని చెబితే మందలించకుండా, ఏ రోజు, ఏ వేళ, ఎవరితో ఉండగా అని కనుక్కుని, కొత్త తేదీ పెట్టి, గమ్ సరిగా వాడుతున్నారో లేదో ఫోన్‌లోనే చూసుకోండి.

పని జరుగుతోందో లేదో చూడడం

ఒక వార్డు, ఒక విషయంతో మొదలుపెట్టండి. కొత్త గడిని మొదట ఒకే షిఫ్టులో ముగ్గురు రోగుల మీద వాడి చూసి, ఇబ్బంది కనిపించిన చోట మార్చి, ఆ తర్వాతే అచ్చు వేయించండి. నెలనెలా డిశ్చార్జి అయినవారి 20 కేస్ షీట్లు తీసి నాలుగు అంకెలు లెక్కపెట్టండి: 24 గంటల్లో పొగాకు గురించి అడిగినవి ఎన్ని, వాడేవారిలో నికోటిన్ ఇచ్చింది ఎందరికి, తిరిగి చెప్పించినట్టు రాసింది ఎన్నింట్లో, 72 గంటల్లో ఫోన్ వెళ్లింది ఎందరికి. మొదటి అంకె 20, రెండోది వాడే ఎనిమిది మందిలో ఒక్కరు అని వస్తే, గడులు టిక్కులతో నిండుతున్నాయి, చికిత్స అందడం లేదు. అలాంటప్పుడు ముందు ఫార్మసీలో ప్యాచ్ నిల్వ ఉందా, రాత్రి డ్యూటీ డాక్టరుకు రాసే అధికారం ఉందా చూడండి. చాలాసార్లు ముడి అక్కడే ఉంటుంది.

కేస్ షీట్లతో పాటు ఇంటికెళ్తున్న అయిదుగురిని ఆ వార్డులో పని చేయని ఒకరు అడగాలి: "ఇక్కడున్నన్నాళ్లలో మీ అలవాట్ల గురించి మీతో ఎవరైనా కూర్చుని మాట్లాడారా? ఏం చెప్పారు?" ఆ అయిదుగురిలో ముగ్గురు "ఎవరూ మాట్లాడలేదండి" అంటే, ఆ నెల టిక్కులు పక్కన పెట్టి, అదే రోజు ఆ మంచాలు చూసిన నర్సులతో కూర్చుని, ఏ షిఫ్టులో మాట ఆగిపోతోందో కనుక్కోండి.